స్తంభం వెనక సీటుకు దణ్ణం పెట్టాలా?

ఇంగ్లండ్‌లో ఏ ఫుట్‌బాల్ క్లబ్బు కొత్త స్టేడియం కట్టుకున్నా ప్రారంభోత్సవం కంటే ముందు సంతాప సభ మొదలవుతుంది. పాత మైదానంతోనే క్లబ్బు ఆత్మ పోయిందంటారు. కాంక్రీటు మధ్య పాట పుట్టదంటారు. కట్టింది ఆట కోసం కాదు, డబ్బున్నవాళ్లు అద్దాల గదుల్లో కూర్చుని భోంచేయడానికంటారు. ఆ స్టేడియం ఎప్పుడు తెరుస్తారా అని రోజులు లెక్కపెట్టుకునే అభిమానుల్ని చూసి, పాపం అమాయకులు, వాళ్ల ఇంటిని వాళ్లకే తెలియకుండా అమ్మేశారని జాలిపడతారు. పత్రికల్లో కాలమ్‌లు రాసేవాళ్లకు ఇది కాలం చెల్లని సరుకు. మన దగ్గరా దీనికి గిరాకీ తక్కువేం లేదు. శనివారం రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కూర్చునే హైదరాబాద్, విశాఖ కుర్రాళ్లు ఆర్సెనల్ పాత మైదానం హైబరీ గడప తొక్కకపోయినా, హైబరీతో పాటే ఆర్సెనల్ అయిపోయిందని నిట్టూరుస్తారు.

ఈ మాటకు ఇంత మర్యాద ఎందుకంటే, అది సామాన్య అభిమాని పక్షాన మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. నిజానికి అది అభిమానిని చిన్నబుచ్చుతుంది, క్లబ్బు యజమానిని బోనులోంచి దించేస్తుంది. నా తగువంతా ఇక్కడే.

ముందు గుడిసన్ పార్కు సంగతి చూద్దాం. లివర్‌పూల్ నగరంలో ఎవర్టన్ పురుషుల జట్టు 1892 నుంచి 2025 దాకా ఆడిన చోటు అది. ఒక మూల స్టాండ్ల మధ్యకు చొచ్చుకొచ్చినట్టుండే సెయింట్ ల్యూక్ చర్చి, చుట్టూ ఇరుకు వీధుల్లో ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు. 1927-28 సీజన్‌లో డిక్సీ డీన్ తన అరవయ్యో లీగ్ గోలు కొట్టింది ఆ గడ్డ మీదే. 1980లో లివర్‌పూల్‌తో మ్యాచ్ చూడ్డానికి వచ్చి గుండె ఆగి కన్నుమూసిందీ అక్కడే. 1966 ప్రపంచకప్‌లో ఉత్తర కొరియా మూడు గోల్స్ వేసి పోర్చుగల్‌కు చెమటలు పట్టిస్తే, యుసేబియో ఒక్కడే నాలుగు కొట్టి లెక్క తిరగరాసింది కూడా అక్కడే. అలాంటి చోటు వదలాలంటే కడుపులో దేవినట్టు ఉంటుంది. కాదన్నదెవరు?

కానీ ఆ చోట కూర్చుని ఆట చూడటం ఎలా ఉండేదో ఈ సంతాప వ్యాసాలు చెప్పవు. ఆర్చిబాల్డ్ లీచ్ గీసిన బుల్లెన్స్ రోడ్ స్టాండులో పైకప్పును మోసే ఇనుప స్తంభాలు జనం మధ్యే పాతుకుని ఉంటాయి. స్తంభం వెనక సీటు పడ్డవాడికి మైదానం రెండు ముక్కలు. కుడి వైపు నుంచి బంతి వస్తుంది, ఇనుము వెనక మాయమవుతుంది. వాడు ఎడమకు వంగుతాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసవాడూ అటే వంగుతాడు. గోలు పడిన సంగతి వాడికి పక్కవాళ్ల అరుపు చెప్పాలి. మళ్లీ ఆ సీటు ఉచితం కాదు. అడ్డం ఉన్న సీటని చెప్పి మరీ అమ్మేవారు. కాళ్లు పొడుగున్నవాడి మోకాళ్లు ముందు సీటు చెక్కకు గుచ్చుకునేవి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు దక్కే చోటు చాలా కొద్ది. ఇదంతా ప్రెస్ బాక్సులోంచి రాసేవాడికి ‘వాతావరణం’. డబ్బు పెట్టి కూర్చున్నవాడికి మెడ నొప్పి.

అయినా వాళ్లు దశాబ్దాలు అక్కడే కూర్చున్నారు, పాడారు. ఆ పాట స్తంభాల వల్ల పుట్టిందని ఎవరు తేల్చారు? స్తంభాలున్నా పుట్టిందని ఎందుకు అనుకోకూడదు?

ఆత్మ ఇటుకల్లో ఉంటుందనేవాళ్లకు ఎవర్టన్ పుట్టుక కథే అడ్డం తిరుగుతుంది. 1892కు ముందు ఆ క్లబ్బు ఆడింది ఆన్‌ఫీల్డ్‌లో. అవును, ఇప్పటి లివర్‌పూల్ వాళ్ల ఆన్‌ఫీల్డే. 1891లో ఎవర్టన్ లీగ్ విజేతగా నిలిచింది ఆ మైదానంలో ఆడుతూనే. అద్దె దగ్గర మైదానం యజమాని జాన్ హౌల్డింగ్‌తో పేచీ వచ్చింది. మైదానాన్ని ఆయనకే వదిలేసి, అక్కడి పార్కుకు అవతలి పక్కన కొత్తది కట్టుకున్నారు. ఖాళీ అయిన ఆన్‌ఫీల్డ్ కోసం హౌల్డింగ్ మరో క్లబ్బు పెట్టాడు. అదే లివర్‌పూల్. విజేతల మైదానంలోనే ఆత్మ ఉండిపోయే పక్షంలో ఎవర్టన్ ఆత్మ 130 ఏళ్లకు పైగా లివర్‌పూల్ వాళ్ల దగ్గర తాకట్టులో ఉండాలి. ఆ మాట గుడిసన్‌లోని గ్లాడిస్ స్ట్రీట్ గోలు వెనక నిలబడి అనగల మొనగాడు నాకు తెలిసి లేడు. ఇవాళ జనం కన్నీళ్లు పెట్టుకుంటున్న గుడిసన్ కూడా ఒకనాటి కొత్త స్టేడియమే. ఆర్సెనల్ కథా అంతే. దక్షిణాన ఊలిచ్‌లో ఆయుధ కర్మాగారం కార్మికులు 1886లో పెట్టుకున్న క్లబ్బు 1913లో థేమ్స్ నది దాటి ఉత్తరాన హైబరీకి వచ్చింది. హైబరీ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న కొత్త స్టేడియం ఎమిరేట్స్‌కు మారడం మహాపరాధమైతే, మొదటిసారి మారినందుకు ఏ శిక్ష వేస్తారు?

‘పాట పుట్టదు’ అనే ఆరోపణకు ఎప్పుడూ చూపించే సాక్ష్యం ఆర్సెనల్. అరవై వేల మంది కూర్చునే ఎమిరేట్స్ గ్రంథాలయంలా ఉంటుందని ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళి ఎమిరేట్స్ కంటే పాతది. ప్రత్యర్థులు ‘హైబరీ లైబ్రరీ’ అని వెక్కిరించింది పాత మైదానాన్నే. కొత్త చోటికి మారాక పాత వెక్కిరింత కొత్త నేరంగా మారింది. జ్ఞాపకం ఎంత సౌకర్యంగా పనిచేస్తుందో!

మరి మాంచెస్టర్ సిటీ? 1923 నుంచి ఆడిన మైన్ రోడ్‌ను 2003లో వదిలి, కామన్‌వెల్త్ క్రీడల కోసం కట్టిన స్టేడియంలోకి వెళ్లింది. 2012 మే 13న, సీజన్ ఆఖరి నిమిషాల్లో అగ్వేరో గోలుతో నలభై నాలుగేళ్ల తర్వాత లీగ్ గెలిచినప్పుడు లేచిన హోరు ఆ కొత్త చోటుదే. ఆ క్లబ్బు డబ్బు ఎక్కడిదని అడగండి, గట్టిగానే అడగండి. కానీ ఆ క్షణాన గ్యాలరీలో ఏడ్చిన మధ్యవయసు మనుషుల గొంతు కాంక్రీటు వల్ల పూడుకుపోయిందని మాత్రం అనకండి.

వెస్ట్‌హామ్ పేరు ఎత్తుతారని నాకు తెలుసు. ఎత్తాల్సిందే. 2016లో అప్టన్ పార్కు వదిలి ఒలింపిక్ స్టేడియంలోకి వెళ్లిన ఆ అభిమానులు నిజంగానే మోసపోయారు. 2018లో బర్న్‌లీతో మ్యాచ్ రోజున మైదానంలోకి దూసుకొచ్చి యజమానుల మీద విరుచుకుపడ్డారు. అయితే ఆ కోపం దేని మీద? అది పరుగు పందాల కోసం కట్టిన కట్టడం. క్లబ్బు అందులో 99 ఏళ్ల లీజుకు దిగిన అద్దెదారు. జనానికీ పిచ్‌కీ మధ్య దూరం కళ్లకు కొడుతుంది. మాంచెస్టర్‌లో ఫుట్‌బాల్ వచ్చే ముందు ట్రాకు తీసేసి, నేల తవ్వి కిందకు దించి, ఆ లోతులో మరిన్ని సీట్లు వేశారు. లండన్‌లో ఆ పని జరగలేదు. కాబట్టి వెస్ట్‌హామ్ ఉదాహరణ చెప్పేది ఒకటే: ఫుట్‌బాల్ కోసం, ఆ జనం కోసం కట్టని చోటికి వాళ్లను తోలుకెళ్లొద్దని. ఇది కొత్త స్టేడియానికి వ్యతిరేకంగా సాక్ష్యం కాదు, సరైన కొత్త స్టేడియం కావాలన్న డిమాండు.

ఇక పాత స్టాండ్ల మీద మోజు గురించి గొంతు తగ్గించి మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో వ్యాలీ పెరేడ్ చెక్క స్టాండుకు నిప్పంటుకుంది. సీట్ల కింద ఏళ్ల తరబడి పేరుకున్న చెత్త రగిలి, కొద్ది నిమిషాల్లో స్టాండు మొత్తం అంటుకుని 56 మంది చనిపోయారు. మూడో డివిజన్ గెలిచిన పండగ రోజది. సీజన్ అయ్యాక ఆ స్టాండును మార్చాలని అప్పటికే అనుకున్నారు. నాలుగేళ్లకు హిల్స్‌బరోలో కంచెల మధ్య ఇరుక్కుని 97 మంది పోయారు. ఆ చావుల వెనక పోలీసుల నిర్వాకం, వాళ్ల అబద్ధాలు, యాజమాన్యాల నిర్లక్ష్యం ఉన్నాయి. ఇటుకలే చంపాయని నేను అనను. కానీ పాత మైదానాల తీపి మాత్రమే గుర్తుంచుకునేవాడు ఆ పేర్ల ముందు కాసేపు ఆగాలి. తన కొడుకు కూర్చునే స్టాండులో బయటికి దారి ఎటో కనిపించాలని కోరుకున్న తండ్రిని వినియోగదారుడంటూ వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు.

‘అభిమానులు అమాయకులు’ అనే మాటకు బ్రైటన్ దగ్గర జవాబుంది. ఈ కథ కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

1995లో ఆ క్లబ్బు డైరెక్టర్లు గోల్డ్‌స్టోన్ మైదానాన్ని అమ్మేశారు, వెళ్లడానికి మరో చోటు లేకుండానే. అభిమానులు ఊరుకోలేదు. 1996 ఏప్రిల్‌లో యార్క్ సిటీతో మ్యాచ్‌లో మైదానంలోకి దిగి గోల్ పోస్టులు విరిచారు. ఆట ఆగిపోయింది. 1997 ఫిబ్రవరిలో దేశం నలుమూలల నుంచి వేర్వేరు క్లబ్బుల అభిమానులు తమ తమ రంగుల చొక్కాలతో వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డారు. ఏం లాభం, ఆ ఏప్రిల్ 26న డాంకాస్టర్ మీద 1-0 గెలుపుతో గోల్డ్‌స్టోన్ కథ ముగిసింది. అక్కడ దుకాణాల సముదాయం లేచింది. జట్టు రెండేళ్లు డెబ్బై మైళ్ల దూరంలో ఉన్న జిల్లింగ్‌హామ్‌లో ‘సొంత’ మ్యాచ్‌లు ఆడింది. తర్వాత పన్నెండేళ్లు విత్‌డీన్‌లో. అది ఊరి అథ్లెటిక్స్ మైదానం. చుట్టూ పరుగుల ట్రాకు, దాని అవతల పైకప్పు లేని తాత్కాలిక గ్యాలరీలు. వానొస్తే తడవాలి, తడిసి కూర్చోవాలి.

ఆ పద్నాలుగేళ్లూ వాళ్లు చేసిందేమిటి? ఫాల్మర్‌లో స్టేడియం కావాలని కొట్లాడారు. 1999లో ఊరి ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండొంతుల మందిని ఒప్పించారు. సంతకాలు పోగుచేశారు. ఊరేగింపులు తీశారు. 2005లో ఒక పాట రికార్డు చేసి దేశపు టాప్ ఇరవైలోకి నెట్టారు. ఆ ఏడాది ఉప ప్రధాని జాన్ ప్రెస్కాట్ అనుమతిస్తే పక్క జిల్లా కౌన్సిల్ కోర్టుకెళ్లింది. మళ్లీ మొదటికొచ్చి, 2007లో రెండోసారి అనుమతి తెచ్చుకున్నారు. 2009లో పగ్గాలు పట్టిన టోనీ బ్లూమ్, తాతల నాటి నుంచి ఆ క్లబ్బుతో ముడిపడ్డ కుటుంబంవాడు, డబ్బు పెట్టాడు. 2011 ఆగస్టు 6న కొత్త స్టేడియంలో మొదటి లీగ్ మ్యాచ్. ఎదుటి జట్టు డాంకాస్టరే! గోల్డ్‌స్టోన్‌కు వీడ్కోలు పలికిన జట్టే గృహప్రవేశానికి వచ్చింది. ముందు గోలు వాళ్లే కొట్టారు. విల్ బక్లీ సమం చేసి, అదనపు సమయంలో రెండోది వేసి గెలిపించాడు. విత్‌డీన్‌లో తొమ్మిది వేలమంది కూడా పట్టని క్లబ్బుకు ఆ రోజు ఇరవై వేల మంది వచ్చారు.

గోల్డ్‌స్టోన్ పోయినప్పుడు ఏడ్చిందీ, ఫాల్మర్ కోసం కలలు కన్నదీ ఒకే మనుషులు. పాతదాన్ని ప్రేమించేవాడు కొత్తదాన్ని కోరుకోడనే సూత్రం ఎవరి పుస్తకంలోదో కానీ, బ్రైటన్‌లో చెల్లలేదు. వింబుల్డన్‌లోనూ చెల్లలేదు. 1991లో ప్లౌ లేన్ మైదానం పోయింది. 2003లో క్లబ్బునే మిల్టన్ కీన్స్‌కు తరలించారు. అభిమానులు అంతకు ముందు ఏడాదే తమ సొంత క్లబ్బు పెట్టుకుని, అట్టడుగు లీగుల నుంచి ఒక్కో మెట్టూ ఎక్కి, బాండ్ల రూపంలో తమ జేబుల్లోంచి లక్షల పౌండ్లు తీసి పాత చోటికి కూతవేటు దూరంలో కొత్త ప్లౌ లేన్ కట్టుకున్నారు. 2020 నవంబరులో తెరిచేనాటికి కోవిడ్. మొదటి మ్యాచ్ ఖాళీ గ్యాలరీల ముందు జరిగింది. ఇరవై తొమ్మిదేళ్లు ఎదురుచూసినవాళ్లు ఇంట్లో కూర్చుని చూశారు. ఎదుటి జట్టు? మళ్లీ డాంకాస్టర్. దేవుడికి హాస్యం ఎక్కువే.

ఎవర్టన్ నిరీక్షణ కూడా పళ్లెంలో పెట్టి ఇచ్చింది కాదు. 2000ల మొదట్లో కింగ్స్ డాక్ ప్రణాళిక డబ్బు లేక పోయింది. తర్వాత ఒక సూపర్‌మార్కెట్ సంస్థతో కలిసి నగరం బయట కర్క్‌బీలో కడతామన్నారు. 2007లో అభిమానుల ఓటింగులో మెజారిటీ సరే అన్నా, ఊరు విడిచి వెళ్లబోమని అభిమానుల్లోనే ఒక వర్గం ఉద్యమం నడిపింది. 2009లో ప్రభుత్వం ఆ పథకాన్ని తిరస్కరించింది. కొత్తది అనగానే ఎగబడే గుంపు ఇలా చేస్తుందా? 2017లో మెర్సీ నది ఒడ్డున బ్రామ్లీ-మూర్ డాక్ తెర మీదికొచ్చింది. 1848లో తెరిచి, కాలం చెల్లిన రేవు అది. పని మొదలయ్యాక యజమాని వ్యాపార భాగస్వామి మీద 2022లో ఆంక్షలు పడ్డాయి, స్పాన్సరు సొమ్ము ఆగిపోయింది. ఖర్చుల నిబంధనలు మీరినందుకు 2023-24లో రెండు విడతలుగా పాయింట్లు కోత పెట్టారు. 2022, 2023 సీజన్లలో జట్టు కిందకు జారకుండా చావు తప్పి బయటపడింది. స్టేడియం లేచేసరికి రెండో డివిజన్‌లో ఆడాల్సి వస్తుందేమోనన్న బెంగతో, డ్రోన్ వీడియోల్లో ఇవాళ ఏ దూలం ఎక్కించారో చూసుకుంటూ గడిపిన ఏళ్లవి. అది అమాయకపు ఎదురుచూపని అనడం అన్యాయం.

వారసత్వం పేరిట ఇంకో అభియోగం ఉంది. ఈ స్టేడియం వల్లే లివర్‌పూల్‌కు యునెస్కో గుర్తింపు పోయిందంటారు. 2021లో పేరు తీసేసేటప్పుడు యునెస్కో స్టేడియాన్ని ఎత్తిచూపిన మాట నిజమే. కానీ ఆ నగరాన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో పెట్టింది 2012లో, రేవు కొసనున్న భవనాల పథకం చూసి. ఎవర్టన్ ఆ చోటు ఎంచుకోవడానికి ఐదేళ్ల ముందు. రేవు పాత గోడలు ఇసుక కింద పదిలంగానే ఉన్నాయి, 1883 నాటి నీటి యంత్రాల బురుజు బాగుపడింది.

2025 మే 18న గుడిసన్‌లో పురుషుల జట్టు చివరి మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టిన ఇలిమన్ ఎన్‌డియాయే, ఆగస్టు 24న కొత్త చోట బ్రైటన్ మీద మొదటి లీగ్ గోలు కొట్టాడు. 1892లో గుడిసన్ తెరిచిందీ ఆగస్టు 24నే. పాత మైదానాన్ని కూల్చలేదు. ఇప్పుడక్కడ ఎవర్టన్ మహిళల జట్టు ఆడుతోంది. సంతాప సభవాళ్లకు ఈ సంగతి ఎందుకో ఎప్పుడూ గుర్తురాదు.

ఇప్పుడు వాళ్ల మాటలో నిజమున్న చోటికి వస్తాను. టికెట్లు మండిపోతున్నాయి. స్టేడియాల పేర్లు విమాన సంస్థలకూ, న్యాయ సేవల సంస్థలకూ అమ్ముడుపోతున్నాయి. మంచి చూపున్న సీట్లు విందుల గదులకు పోతున్నాయి. ఇవన్నీ నిజం. కానీ వీటిని చేసింది స్టేడియమా? హిల్స్‌బరో తర్వాత స్టాండ్లన్నిటిలో సీట్లు వేయమన్న జస్టిస్ టేలర్ 1990 నివేదికలో, నిలబడి చూసేవాళ్ల జేబుకు అందే ధరలోనే చవక సీట్లు పెట్టొచ్చని రాశాడు. గ్లాస్గోలో ఐబ్రాక్స్ సీటు ఆరు పౌండ్లని ఉదాహరణ కూడా చూపాడు. సీట్లు వేయమన్న సగం మాటే యజమానులు విన్నారు. ధరల సగం చెవికెక్కించుకోలేదు.

మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫోర్డ్ 1910 నుంచి అక్కడే ఉంది. 2005లో గ్లేజర్ కుటుంబంవాళ్లు ఆ క్లబ్బును కొని, కొనడానికి చేసిన అప్పులో పెద్ద భాగం ఆ క్లబ్బు నెత్తినే పెట్టారు. దానికి ఒక్క ఇటుకైనా కదపాల్సి రాలేదు. ఆ కోపంతో విడిపోయిన అభిమానులు ఎఫ్‌సీ యునైటెడ్ అనే క్లబ్బు పెట్టుకుని, షేర్ల రూపంలో తామే డబ్బు వేసుకుని 2015లో బ్రాడ్‌హర్స్ట్ పార్కు తెరిచారు. ఆత్మ వెతుక్కుంటూ బయటికొచ్చినవాళ్లు చేసిన పని కొత్త స్టేడియం కట్టుకోవడం! 2016లో ఆన్‌ఫీల్డ్‌లో కొత్త మెయిన్ స్టాండు టికెట్ 77 పౌండ్లంటే, సరిగ్గా 77వ నిమిషాన వేలమంది లేచి బయటికి నడిచారు. కొద్ది రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గారు. ఆ లేచినవాళ్లు స్టాండు వద్దనలేదు, ధర వద్దన్నారు. శత్రువెవరో వాళ్లకు తెలుసు. కాలమ్‌లు రాసేవాళ్ల తీరు చూస్తే, కట్నం మాట ఎత్తకుండా పందిరి బాగాలేదని అలిగే పెళ్లివారు గుర్తొస్తారు.

మన ఊరి ముచ్చట కూడా ఒకటి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. ఆ తర్వాత జీతాల బకాయిలు, చేతులు మారడం. చివరికి 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. గచ్చిబౌలి స్టేడియం మాత్రం ఎక్కడికీ పోలేదు. గేట్లున్నాయి, గ్యాలరీలున్నాయి, ఫ్లడ్‌లైట్లున్నాయి, శనివారం వెళ్లి అరవడానికి జట్టే లేదు. మైదానం నిలిస్తే క్లబ్బు నిలుస్తుందనేవాళ్లు ఓసారి అటు వెళ్లి చూడొచ్చు.

2025 మార్చిలో మాంచెస్టర్ యునైటెడ్ ఓల్డ్ ట్రాఫోర్డ్ పక్కనే లక్ష సీట్ల కొత్త స్టేడియం కడతామని ప్రకటించింది. దాని మీద సంతాప వ్యాసాలు రాయడం ఇప్పటికే మొదలైంది. మన దగ్గరా వాటి అనువాదాలు వస్తాయి. వాటిని చదివే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ఆ లక్షలో మామూలు జీతగాడికి అందే సీట్లు ఎన్ని, పదేళ్ల తర్వాత వాటి ధర ఎంత ఉంటుందని రాసిచ్చారు, కట్టడానికి చేసే అప్పు ఎవరి పేరిట ఉంటుంది. వాటికి జవాబు రాని వ్యాసాన్ని పక్కన పెట్టేయండి.